రెండోసారి పాస్

అదే వద్దంటున్నాను బావగారూ. "మిలిటరీ విమానాలవాళ్ళే కొంటున్నారంటే ఇక చూసుకోనక్కర్లేదు" అన్న మాట మీది కాదు, ఆ షేర్ల ఏజెంటుది. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పినవారు, ఎవడో చెప్పింది అలా వల్లె వేస్తారేమిటి?

కూర్చోమంటారా? కూర్చునే ఉన్నాను కదా. అరె, ఎప్పుడో లేచాను. మళ్ళీ కూర్చుంటాను. ఈ క్యాంటీన్ కుర్చీలే అంత. ఇంకో ఇరవై నిమిషాల్లో లోపలికి పోవాలి, చలిగదిలో ఆరు పెట్టెలు పెట్టొచ్చాను. టీ తాగండి, చల్లారిపోతోంది. ఆ షేర్ల కాగితం నావైపు తిప్పకండి, చూశాను.

కంపెనీ మంచిదా కాదా అనే కదా అడిగారు? మంచిదే. ఆర్నెల్ల కిందట మీ ఇంట్లో కూర్చుని గొప్పలు చెప్పింది నేనే కదా. మేం చేసేది ఇటుకంత పెట్టె. పైలట్ ఎగరబోయే ముందు దారులూ మ్యాపులూ అందులో ఎక్కించుకుని తీసుకెళ్ళి సీటు పక్కన గుచ్చుతాడు. దిగాక పీక్కొస్తాడు. ఇంజను ఎంత వేడెక్కింది, ఎక్కడ వణికింది, అంతా అందులోనే ఉంటుంది. ఒక రకం విమానానికి మా పెట్టె కుదిరిందంటే, ఆ విమానం పాతసామాను కింద పోయేదాకా ఇంకోటి పెట్టరు. ముప్పై ఏళ్ళు ఆర్డర్లు వస్తూనే ఉంటాయి.

ఇప్పుడు రెండు వందల విమానాల ఆర్డరు గుమ్మంలో ఉంది. వచ్చే నెల వాళ్ళ మనుషులొచ్చి పెట్టెల్ని పరీక్షించి ఊఁ అన్నారంటే, మీరు పెట్టింది నాలుగింతలవుతుంది. ఏజెంటు అందులో అబద్ధమేమీ చెప్పలేదు.

మరి ఎందుకిలా నీళ్ళు నములుతున్నావంటారా? చెప్తాను, మధ్యలో అడ్డురాకండి.

మా పాత టెస్టింగ్ బల్లకి సాకెట్ అరిగిపోయింది. రోజుకి నలభైసార్లు గుచ్చి పీకితే అరగదూ? పెట్టె బాగానే ఉన్నా తెర మీద "ఖాళీ" అని చూపించేది. అప్పుడు పీకి, మూతి తుడిచి, ఉఫ్ అని ఊది, మళ్ళీ గుచ్చేవాళ్ళం. పాస్. కాగితంలోనూ పాస్ అనే రాసేవాళ్ళం. తప్పు బల్లది, పెట్టెది కాదు కదా. ఆ ఉపాయం నాదే. కొత్తగా చేరినవాళ్ళందరికీ నేర్పిందీ నేనే. వెనకాల నన్ను ఊదుడక్క అంటారు, నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట కొత్త బల్ల కొన్నారు. కొత్త సాకెట్, అరుగూ లేదు విరుగూ లేదు. మేం మాత్రం ఊదుతూనే ఉన్నాం. చెయ్యి అలవాటు పడిపోయింది బావగారూ. ఇప్పుడు తప్పు బల్లది కాదు కదా, మరి దేనిది, అని ఒక్కరికీ తట్టలేదు. పోనీ నాకైనా తట్టొద్దూ?

మూడు వారాల కిందట ఒక పెట్టె వెనక్కొచ్చింది. పైన ఉండగా మ్యాపు మాయమైపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు లెండి, పైలట్ పక్క విమానం వెనకాలే వచ్చి ఎలాగో దిగాడు. దాన్ని, ఆకాశంలో ఉండేంత చలి పుట్టించే ఆ చలిగదిలో పెట్టి చూశాను. ఖాళీ. ఊదాను. పాస్. అప్పుడు తట్టింది నాకు. అంత ఎత్తున అతనికి ఊది పెట్టేదెవరు?

మేనేజరుకి చెప్పావా అంటారు. చెబితే వచ్చే నెల పరీక్ష ఆగిపోతుంది, ఆర్డరు చెయ్యిజారిపోతుంది. పైగా రెండేళ్ళ కాగితాల మీద సంతకం ఎవరిది? నాది. తేలు కుట్టిన దొంగలా గమ్మునున్నాను.

ఉత్తినే ఉన్నానా అంటే, అదీ లేదు. మా షేర్లు బజార్లో దొరకవు. పాతవాళ్ళకి కంపెనీ ఇచ్చినవి మేం అమ్ముకుంటేనే బయటివాళ్ళకి. పోయిన సోమవారం నావన్నీ ఏజెంటు చేతిలో పెట్టేశాను. కొనేదెవరో మాకు చెప్పడు, అమ్మేదెవరో వాళ్ళకి చెప్పడు. కాగితంలో పేరుండదు, ఉద్యోగి నంబరుంటుంది, అంతే. మునిగితే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు మునుగుతారు, నా ఇల్లు గట్టెక్కుతుంది అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది, దాచడమెందుకు.

ఇందాక మీరొచ్చి, "నీ మాట మీద మీ అక్క కూడా సరేనంది" అంటూ ఆ కాగితం విప్పి నా ముందు పెట్టారు.

ఇదిగో నా కార్డు. మీ కాగితం పక్కన పెట్టి నంబరు చూసుకోండి.

అలా చూడకండి. తిట్టండి, పడతాను. ఆ పెన్ను మాత్రం మూసెయ్యండి. మీరు సంతకం పెట్టకపోతే సాయంత్రానికల్లా ఏజెంటు దాన్ని ఇంకొకాయన ముందు పెడతాడు. ఆయన మరదలు ఇక్కడ పనిచెయ్యదు, అంతే తేడా. అమ్మనని వాడికి ఫోను చేద్దామని ఇందాకటినుంచీ అనుకుంటున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

టైమైపోయింది, ఆరు పెట్టెలు తియ్యాలి. వాటిలో ఒక్కటి ఖాళీ అని చూపించిందనుకోండి, ఊదుతానో ఊదనో, ఒట్టేసి చెప్తున్నాను బావగారూ, నాకే తెలియదు.