వెనక మొఖం డబ్బ

ఏందే అక్షరా, అటుక మీదికెల్లి ఏం గుంజుతానవ్? దుమ్మంత నా చాయల పడతాంది. ఓ, అదా! మొగిలయ్య డబ్బ. మీ నానమ్మ తమ్ముడు, నా బామ్మర్ది. కరోన కంటె ముందే పోయిండు, నువ్వు గప్పుడు చిన్నగుంటివి. మెల్లగ దించు. కిందపడితే మీ నానమ్మ నన్నే అంటది, "మా తమ్మునిదంటే నీకు ఎన్నడు లెక్కలేదు" అని. లెక్క ఎట్లుంటది బిడ్డా, వాని తెలివి తెల్లారినట్టే ఉండె.

కాశిబుగ్గల మగ్గాలు ఒక్కొక్కటి బందయినయి గద. నాది ముందు పోయె, ఎనుకనే వానిది. పాత సామాన్లోల్లు ఇప్పి ఆటోల ఏసుకపోయిండ్రు. ఇగ సూడు, వాడు ఇంట్ల కూసోలేడు, బయట నిలవలేడు. "రాజలింగు బావా, గల్లీల సప్పుడు లేక చెవులు గుయ్యిమంటానయి" అంటడు. సప్పుడు లేకపోతే గుయ్యిమనుడేందిరా, దవాఖానకు పోరా అని నవ్వితిని. గప్పుడే వాళ్ళన్న కొడుకు నవీన్, హైదరాబాదుల ఉంటడు, ఏది పట్టినా మూన్నాళ్ళ ముచ్చటే, సింథసైజరని ఓ పాటల మిషిని కొనుక్కొని, యాష్టకొచ్చి మన మొగిలయ్యకు పడేసిపోయిండు. పియానోకున్నట్టు మెట్లుండయి దానికి. అన్నీ విడి విడి డబ్బలు. ఒకదాంట్లకెల్లి ఇంకోదాంట్ల తీగలు గుచ్చాలె, బొత్తాలు తిప్పాలె, గప్పుడు సప్పుడొస్తది. గన్ని బొత్తాలు ఎవనికి కావాలె? మనోడు అల్మినం రేకు తెచ్చి, తొర్రలు పొడిచి, తనకు అక్కెరున్న బొత్తాలే ముంగటుండేటట్టు దానికి కొత్త మొఖం చేస్తాండు. ఎందుకనుకున్నవ్? మగ్గం సప్పుడు తీస్తడట! బర్రెనమ్ముకొని పలుపు దాసుకున్నట్టు.

చేసుకుంటే చేసుకున్నడు, మార్కండేయ జయంతి నాడు మన సాలోల్ల సంఘం హాల్ల అందరి ముంగట వాయిస్తనని చెప్పొచ్చిండు. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత! వాని పెండ్లాం అనసూర్య నా దగ్గరికొచ్చింది. "అన్నా, మా తమ్ముడు తొర్రూరు పత్తిమిల్లుల వాచ్‌మన్ నౌకరి మాట్లాడిండు. జయంతి నాడు ఆ డబ్బ మంచిగ మోగకపోతే తెల్లారి బస్సెక్కాలె, మోగితే నేను నోరు మూసుకుంట, నువ్వే సాక్షి" అన్నది. వాడు ఒప్పుకున్నడు గని మొఖం మాడిపోయింది. "నేసెటోణ్ణి బావా, గేటుకాడ కూసొని ఎవని కారుకో సలాం కొట్టాల్నా?" అని కండ్లల్ల నీళ్ళు తీసుకున్నడు. నేను నవ్వితిని. బామ్మర్ది గద, నవ్వకపోతే ఎట్ల.

జయంతి నాడు సంఘం అధ్యక్షుడు విజయ్‌కుమార్, తెల్లటి మిల్లు బట్టలేసుకొని, "చేనేత మన ఊపిరి, మన ప్రాణం" అని ఊగుకుంట మాట్లాడి, మొగిలయ్యకు శాలువ కప్పిండు. మనోడు ఊకుంటడా? అంచు నలిపి సూసి, "ఇది సూరత్‌ది గదనే, పాలిస్టరు" అన్నడు, సక్కగ మైకు ముంగట! ఆయన మొఖంల నెత్తురుచుక్క లేదు. ఇగ డబ్బ ముంగట కూసున్నడు. మెల్లగ మొదలువెడదామని స్పీడు అని రాసిన బొత్తం తిప్పితే సౌండు లేసింది. సౌండు తగ్గిద్దామని సౌండుది తిప్పితే స్పీడు లేసింది. కీఁ... అని ఒకటే మొత్తుకునుడు! పోరగాండ్లు ఏడుస్తాండ్రు, హాలంత నవ్వుతాంది, విజయ్‌కుమారైతే అందరికంటె ఎక్కువ. ఏమైందంటవా? మనం చీరకు పువ్వు నేసేటప్పుడు మంచి మొఖం కిందికుంటది పిల్లా, నేసెటోనికి కనబడేది వెనక మొఖం. వాడు రేకును గూడ గట్లనే వెనకకెల్లి గీసుకున్నడు, ఇంట్ల వెనక కూసొనే తీగలు సూసుకుంట తిప్పిండు. పేర్లు మాత్రం ఆ గీతలను సూసి ముంగట రాసిండు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. మనుషులెవ్వలు చెయ్యరు గా పని, మా సాలోల్లు తప్ప.

అనసూర్య తలకాయ వంచుకొని కొంగు కప్పుకున్నది. నాకే సిగ్గయి "దిగిరారా, ఇజ్జత్ పోతాంది" అన్న. వాడు లేసిండు. దిగలే. డబ్బను గిర్రున తిప్పి, తీగల దిక్కు కూసున్నడు. "మంచి మొఖం జనానికి బావా. నేసెటోనికి ఎప్పుడు వెనక మొఖమే గద" అన్నడు. అని చేతులు అటు చాపి తిప్పిండు సూడు... టక్, టక్. మగ్గంల పోగు మోసే నాడె అటుపోయి ఇటొచ్చినట్టే. నవ్వులు బందయినయి. ముసలోల్లు ఒక్కొక్కలు కుర్చీల కింద కాళ్ళు ఆడిస్తాండ్రు, మగ్గం తొక్కినట్టు, వాళ్ళకు ఎరుకనే లేదు. అనసూర్య కూడ. నా కాళ్ళా? నాయి కదలలే. నేను గసొంటియి పట్టించుకోను. ఇంటికొచ్చినంక అనసూర్యే అన్నది, "అన్నా, ఆ తొర్రూరు నౌకరి వద్దని చెప్పు" అని. మళ్ళ ఏ ఫంక్షన్‌కు పిలువలేదనుకో. పాలిస్టరన్నోణ్ణి ఎవడు పిలుస్తడు? పోయేదాంక ఇంట్లనే, పొద్దుగాల లేసి అదే సప్పుడు, గల్లీకి నిద్రలేకుండ.

ఏందీ, పేర్లు సరిగ్గ రాస్తవా? మస్తు సదివినవ్ గని ముట్టకు. ప్లగ్గా? పెట్టు, నడుస్తదో లేదో. అటు గాదే! ఇంతసేపు ఏం చెప్పిన? వెనకకు రా. ఆ... జర మెల్లగ... గట్లనే...

ఏంది, నా కాళ్ళ దిక్కు సూస్తానవ్? షుగరుకు వణుకుతానయి. పో, చాయ్ సల్లగయింది, మళ్ళ కాగవెట్టుకరా. అగో, దాన్నెందుకు బంద్ జేస్తానవ్? ఉండనియ్.