మీదింటి అండమాన్

సూరారంలో పెయింటర్ యాకోబు ఇల్లు. ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్న తర్వాత యాకోబు, అతని భార్య ఎస్తేరు.

“నేను మనాలి అననే అనలే. అండమాన్ అన్న. మల్లొక్కసారి ఇను, అండమాన్.”

“ఎస్తేరూ, జెర నా మాట...”

“ఏం మాట? పెయింట్ డబ్బాలల్ల కూపన్లు గోకి గోకి ఫోన్ల ఎక్కిచ్చింది నువ్వు. మొగుడు పెండ్లాలకు టికెట్లు ఫ్రీ అని మెసేజ్ వచ్చింది నీకు. మనాలి గాని అండమాన్ గాని, ఏదన్న ఒక్కటి నొక్కుండ్రి అన్నది కంపెనీ. ఇగ నొక్కుతానికి నీకేం అడ్డమైతాంది?”

“మనాలిల మంచు పడ్తదే. చేతుల పట్టుకోవచ్చంట. మస్తుంటది.”

“ఫ్రిజ్‌ల నీళ్ళు తాగితెనే నాకు గొంతు పడ్తది. మంచు పట్టుకొని ఏం జేస్త?”

“స్వెటర్ కొనిస్త.”

“స్వెటరొద్దు ఏమొద్దు. టోపీ కొనియ్యి. మనీషా పెట్టుకున్నసొంటిది. గీ పెద్దది, గడ్డితోని అల్లింది.”

“అబ్బ, మల్ల మనీషా కాడికే వచ్చినవ్.”

“వస్త. ఎందుకు రాను? నా యారాలే గద. మీ తమ్ముడు ఫిలిప్ పెండ్లామే గద. పొద్దుగాల చర్చిల సాక్ష్యం చెప్పనీకి లేసి నిలవడ్డది. ‘అండమాన్ సముద్రం కాడ దేవుడు నాతోని మాట్లాడిండు’ అన్నది. పోయొచ్చి ఏడాదైంది. సూరారంల మాట్లాడడా దేవుడు ఆమెతోని?”

“గట్ల అనకు, పాపం.”

“ఎవలు పాపం? ఆమెనా? చర్చిల ఆడోళ్ళందరికి గవ్వలు పంచింది. రోజీకి గింత పెద్ద శంఖమిచ్చింది. నాకేమో అంచు పలిగింది ఇచ్చింది. అంచు పలిగింది!”

“తెల్వక ఇచ్చుంటది.”

“అన్నీ తెల్సు. ఫోన్ల ఇంకా గదే ఫోటో, నీలం నీళ్ళల్ల మోకాళ్ళ దాంక దిగి. పొద్దుగాల నేను వాకిలూడుస్తుంటె మీదింటికెల్లి అడుగుతది, ‘అక్కా, నువ్వు ఎప్పుడన్న సముద్రం చూసినవా’ అని. ఏం చెప్పాలె? మెదక్ చర్చి చూసిన అని చెప్పాల్నా? పెండ్లైన కాడికెల్లి నువ్వు నన్ను తోల్కపోయింది గదొక్కటే. గది గూడ పాస్టరయ్య బస్సు పెడితె.”

“పొరుగింటి పుల్లకూర రుచి అంటరు, గట్లున్నది నీ కథ.”

“పొరుగిల్లైతె నడుమ గోడ అడ్డముంటది. ఈమె నా నెత్తి మీదనే ఉన్నది. ఔ, నాకు కుళ్ళే. మస్తు కుళ్ళు. కండ్లు మూసుకొని ప్రార్థన జేస్తుంటె గూడ గా టోపీనే గనవడ్తాంది. ఇగ నొక్కు.”

“తొందరేమున్నది? నెలాఖరు దాంక టైమిచ్చిండ్రు.”

“నాకున్నది తొందర. ఇయ్యాల నేను గూడ లేసి నిలవడి సాక్ష్యం చెప్పిన.”

“ఎప్పుడు?”

“నువ్వు బయట బండ్లు సదురుతున్నప్పుడు. ‘ప్రభువు మా మీద గూడ దయ జూపిండు, మేం గూడ అండమాన్ పోతున్నం, మా కోసం ప్రార్థన చేయుండ్రి’ అన్న. పాస్టరయ్య ఆమెన్ అన్నడు. అందరు ఆమెన్ అన్నరు. మనీషా గూడ అన్నది.”

“అయ్యో... నన్ను ఒక్క మాట అడుగకపోతివి.”

“అడుగుడెందుకు? ఇప్పుడు మనాలి అంటె నా ఇజ్జత్ ఏం గావాలె?”

“ఆడ పడవలు ఎక్కాలె. నీకు ఆర్టీసీ బస్సు ఎక్కితెనే వాంతులు.”

“నిమ్మకాయ పట్టుకుంట.”

“అసలు అండమాన్ సీట్లు అయిపోయినయంట.”

“ఎవలన్నరు?”

“రవీందర్. పేట్ బషీరాబాద్ల నాతోని పెయింటింగ్ చేస్తడు జూడు, ఆయన.”

“నిన్ననే ఆయన భార్య పద్మలత ఫోన్ చేసింది నాకు. ‘అక్కా, మేం అండమానే నొక్కినం, కలిసి పోదాం’ అన్నది. నిన్న ఉన్న సీట్లు ఇయ్యాల సముద్రంల మునిగినయా?”

“ఏమో... నాకు గట్లనే చెప్పిండు.”

“నా మొకం జూసి చెప్పు. నీ మనసుల ఏందో ఉన్నది.”

“ఏం లేదు.”

“ఏం లేకుంటె ఫోన్ ఇటియ్యి.”

“వద్దు, ఎస్తేరూ.”

“ఇయ్యంటున్న గద. ఇగో... అండమాన్... నొక్కిన. ఏందో రాసొచ్చింది. ‘ఈ ప్రదేశానికి మీరు ఇప్పటికే టికెట్లు వాడుకున్నారు. ఒక సభ్యునికి ఒక ప్రదేశం ఒక్కసారి మాత్రమే.’ గిదేంది?”

“కంపెనీది ఏందో మిస్టేక్...”

“కింద తారీఖు గూడ ఉన్నది. పోయినేడు ఫిబ్రవరి. అప్పుడు నాలుగు దినాలు ఇంటికి రాలే నువ్వు. లాల్‌గడి మలక్‌పేట్ విల్లాలల్ల పని, ఆన్నే పంటున్న అన్నవ్. ఎవతిని తోల్కపోయినవ్?”

“ప్రభువు తోడు, నేను విమానం మొకం గూడ జూడలే.”

“మరెవలు జూసిండ్రు? పోయినేడు ఫిబ్రవరిల అండమాన్...”

“ఊకో ఇగ.”

“ఫిబ్రవరిల మనీషా పోయింది. ఫిలిప్‌ను వాళ్ళ కంపెనీ పంపిచ్చింది అన్నరు గద. బాగ పని జేసిండని ఇనాం అన్నరు గద. చెప్పు! గవి నీ టికెట్లా?”

“ఔ. నేనే ఫిలిప్‌గానికి గట్ల చెప్పుమన్న. ఆ పిల్లకు గూడ ఎర్కలేదు.”

“ఏడాది సంది నేను కుళ్ళుకున్నది నా టికెట్ల మీదనా?”

“జెర ఇను. అప్పుడు ఆమెకు ఐదో నెల్ల కడుపు పోయింది గద. అన్నం ముట్టకపోతుండె. గోడ దిక్కు తిరిగి పంటుండె. నీకెర్కనే, నువ్వే గద జావ గాసి మీదికి తీస్కపోయినవ్. ఫిలిప్‌గాడు నా పని కాడికొచ్చి నిచ్చెన పట్టుకొని ఏడ్సిండు. ‘అన్నా, డాక్టరమ్మ నాలుగు దినాలు జాగ మార్చుమన్నది, ఈమె సముద్రం చూస్తనంటాంది, నేనేం జెయ్యాలె’ అన్నడు. పోయినేడు కూపన్లకు వచ్చిన టికెట్లు నా ఫోన్ల ఉన్నయ్. ఇంటోళ్ళ పేరు మీద మార్చుకోవచ్చన్నరు. ఇచ్చేసిన.”

“నాకెందుకు చెప్పలే?”

“కొట్లాడ్తవనుకున్న.”

“కొట్లాడేదాన్నే. ఒక దినం కొట్లాడి రెండో దినం నేనే ఆమె బ్యాగు సదిరేదాన్ని. ఇన్నేండ్లు నాతోని ఉండి గంత గూడ తెల్వదా నీకు?”

“తప్పైంది. అందుకే మనాలి అంటున్న. పోదాం. నువ్వు ఏ స్వెటరంటె గా స్వెటర్...”

“స్వెటర్ల ముచ్చట ఆపు. ఆమె మీద నాకు కోపం పోయింది. పిచ్చి పిల్ల, దానికేం తెల్సు. ఇప్పుడు నీ మీద వస్తాంది.”

“చెప్పలేదనేనా?”

“గందుకు గాదు. మన నిఖిల్ పుట్టకముందుగాల నాకు గూడ ఐదో నెల్లనే కడుపు పోయింది. యాదికున్నదా?”

“ఉన్నది.”

“మూడో దినం బోరింగ్ కాడ కూసోని మీ ఇంట్ల అందరి బట్టలు పిండిన. ఫిలిప్‌వి గూడ. అప్పుడు నన్ను షామీర్‌పేట్ చెరువు కట్ట మీదికన్న తోల్కపోయినవా నువ్వు?”