బుల్లిపిట్ట గూడు

ఇలా ఈ నానమ్మ దగ్గరికి జరుగు తల్లీ. మీ అక్క చనిపోయిన ఏడాదికి, దాని కంప్యూటర్ ముందు మీ అమ్మా నాన్నా మాట్లాడుకుంటుంటే, పక్క గదిలో దుప్పట్లు మడతపెడుతూ విన్నాను.

“ఇంట్లోంచి పని చేయాలంటే కంప్యూటర్‌కి నా పేరే ఉండాలన్నారే ఆఫీసులో. సెట్టింగ్స్ తెరిచావా?”

“తెరిచాను. ‘బుల్లిపిట్ట గూడు’ అని ఉందండీ. అదే పెట్టుకుంది.”

“అది చెరిపేసి నా పేరు కొట్టు.”

“నావల్ల కాదు. మీరే కొట్టండి.”

“జరుగు మరి... కొట్టాను. ఇదేదో అడుగుతోంది, చూడు.”

“ఆపి మళ్లీ ఆన్ చేస్తేగానీ కొత్త పేరు రాదట. ఇప్పుడా, తర్వాతా అంటోంది. తర్వాత అని నొక్కండి.”

“తర్వాతంటే ఎప్పుడే?”

“ఆపనంతసేపూ పాత పేరే ఉంటుందిగా. ఆపొద్దండీ.”

“పిచ్చిదానా! ఎన్నాళ్లని ఆపకుండా ఉంచుతాం?”

“ఆసుపత్రిలో దాని ఊపిరి మిషన్ ఆపేస్తామంటే సరేనన్నారుగా. ఇదన్నా ఉండనివ్వండి.”

“డాక్టరు ఇద్దర్నీ అడిగాడే. నువ్వు గోడవైపు తిరిగిపోయావు. ఎవరో ఒకరు చెప్పాలిగా.”

మీ అమ్మ వెక్కిళ్ల మధ్య మౌస్ టక్కుమన్న చప్పుడు వినిపించింది.

“సరే, తర్వాత అనే నొక్కాను. ఏడవకు.”

ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. వచ్చాక మీ అమ్మ పరుగెత్తుకెళ్లి తెరిచి చూస్తే, అక్కడ మీ నాన్న పేరుంది. ఆ గదిలోంచి వచ్చినంత ఏడుపు ఆసుపత్రిలో కూడా వినలేదు నేను.

బుల్లిపిట్ట అని దాన్ని మొదట పిలిచింది నేనే. ఇప్పుడా పేరు నా నోట్లో తప్ప ఎక్కడా లేదు. నువ్వు పట్టుకో తల్లీ, రేపు నీ పిల్లలకు చెప్పు.