బండి మాట్లాడకూడదు

ఆమదాలవలసలో బియ్యం మిల్లుల షావుకార్లు పెట్టిన అవిటివాళ్ళ సాయం సంఘం ఆఫీసు, 1968. లోపల గుమస్తా జగన్నాధం. ఆయన ముందు చాప మీద, కాళ్ళు చచ్చుబడిన నూకయ్య. కిటికీ అవతల, బళ్ళు నిలిపే పాకలో, అతని పెళ్ళాం దాలమ్మ.

“అదే సెప్తన్నాను గదా బాబూ. మా దాలమ్మే నా బండి.”

“మనిషిని బండంటే ఎలాగయ్యా నూకయ్యా?”

“మరి బస్సు కాడ్నించి నన్ను ఈపు మీద మోసుకొచ్చింది ఎవులు? మీ బంట్రోతు గూడా ఒప్పుకున్నాడు. ‘బళ్ళు లోపలికి రాకూడదు, అవిటోళ్ళ బళ్ళకి పాకేసినాం, అందులో నిలుపు’ అన్నాడు. దాన్ని నిలిపేసి, నాను డేక్కుంటా వచ్చినాను.”

“గుమస్తా బాబూ, ఈయన మాటలు ఇనకండి. నాను బండేటి, మనిషిని.”

“కిటికీలోంచి ఎవరది?”

“నా బండే బాబూ.”

“బండి మాట్లాడకూడదమ్మా. పాకలో నిలిపినవాటితో మాకు సంబంధం లేదు. నూకయ్యా, కాళ్ళెలా పోయాయి?”

“పడవని నీళ్ళలోకి తోస్తంటే కెరటం ఇసిరికొట్టింది. పడవొచ్చి నడుం మీద పడ్డాది. అప్పట్నించీ దాలమ్మే. రేవుకైనా, సంతకైనా. మొన్న శ్రీముఖలింగం తీసుకెల్లి దణ్ణం గూడా పెట్టించింది. గతుకుల్లో ఎల్లినా కుదుపుండదు బాబూ.”

“మావా, నోరుముయ్యి. బాబూ, మాకు బండి కర్సు వద్దు. మూడు సెక్రాల సైకిలిప్పించండి. సేత్తో తిప్పుకుంటారు సూడండి, అది.”

“అది బండి లేనివాళ్ళకమ్మా. ఉన్నవాళ్ళకి నెలనెలా బండి ఖర్చు మటుకే. రెండూ ఇస్తే షావుకార్లు నన్ను తంతారు. ఏదో ఒకటి తేల్చుకో నూకయ్యా.”

“కర్సే రాసీండి. సైకిలికి నూని గావాల, గాలి గావాల. దాలమ్మకైతే గంజి పోస్తే సాలు.”

“ఆ గంజీ నువ్వే తాగేస్తావు గదా మావా.”

“సూసినారా బాబూ. హారను గూడా ఉన్నాది.”

“సరే. ఖర్చు ఇవ్వాలంటే బండిని తనిఖీ చెయ్యాలి. బ్రేకు పడుతుందా?”

“ఆగే అంటే ఆగుతాది.”

“నాకు కోపమొస్తే ఆగను బాబూ.”

“అమ్మా, బండి మాట్లాడకూడదని చెప్పానా? దీపం?”

“సుట్ట తాగుతాది బాబూ.”

“అయితే దీపం ఉన్నట్టే.”

“నాది అడ్డపొగ బాబూ. నిప్పు నోట్లోపలికుంటాది.”

“లోపల వెలిగే దీపం ఎదరవాడికెలా కనిపిస్తుందయ్యా? చెల్లదు.”

“ఇప్పుడదీ నేదు. మానీసినాను.”

“ఎప్పుడు మానీసినావే దాలమ్మా? నాకు సెప్పనేదే.”

“ఈ మజ్జినే. ఆ వోసన పడతం నేదు.”

“పోనీ, దీపం తరవాత చూద్దాం. ఏవమ్మా, ఇన్నాళ్ళూ మోశావు గదా. ఇప్పుడు సైకిలెందుకు?”

“ఇంకొన్నాళ్ళు పోతే నాను మొయ్యలేను బాబూ.”

“జబ్బా?”

“జబ్బు కాదు.”

“మరేమిటి?”

“ఏటంటే... ఏటీ నేదు. సైకిలిప్పించండి.”

“నాకు తెలుసు బాబూ ఏటో. నన్నొగ్గేసి ఎల్లిపోతాది.”

“మావా.”

“బొబ్బిల్లో దీని అప్ప ఉన్నాది. మొన్నొచ్చి దీన్ని పెరట్లోకి తీసుకెల్లి గుసగుసలాడింది. నాను డేక్కుంటా ఎల్లీసరికి ఇద్దరూ నోరు మూసీసినారు. సైకిలొస్తే నన్నందులో కూకోబెట్టి ఇది ఎల్లిపోతాది. అందుకే బండని రాసీమంటన్నాను. రాసీసిన బండి ఎక్కడికీ పోకూడదు గదా బాబూ?”

“అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు. పారిపోవడం గురించి రూల్లో లేదయ్యా.”

“అదీ రాసీండి.”

“నేను రాయలేను. షావుకార్లు మీటింగు పెట్టాలి.”

“పెట్టమనండి. అందాకా ఆ పాకకి గొలుసేసి తాళమెయ్యండి. బాబూ, నాను నవ్వులకి సెప్తం నేదు. అది నేకపోతే నాను బతకను.”

“ఏడవకు మావా. ఎవులైనా సూస్తే నవ్వుతారు.”

“నవ్వనీ.”

“నూకయ్యా, మొహం తుడుచుకో. ఇదొక్కటీ అడిగి పంపించేస్తాను. బండి మీద ఎందరెక్కుతారు? ఒక్కడెక్కితే ఖర్చు పాసు. ఇద్దరెక్కితే ఆ బండి పనికిరాదు, రద్దు చేసి సైకిలిచ్చెయ్యాలి.”

“ఒక్కడ్నే బాబూ. నానొక్కడ్నే. ఇంకెవుల్నీ ఎక్కనివ్వను.”

“ఇద్దరని రాసీండి బాబూ.”

“బండి మాట్లాడ...”

“ఈపు మీద మావొకడు, కడుపులో మావ గుంటడొకడు.”