తప్పుగా కడిగిన పిపెట్టు

ఆగాగు, కుళాయి కింద పెట్టకు ఆ పిపెట్టు గొట్టాన్ని! నీళ్ళు తర్వాత. ముందు స్పిరిట్టు. ఆ చిన్న గ్లాసులో కాస్త పోసి పీల్చి వదులు, పీల్చి వదులు, మూడుసార్లు. ఆ, అలాగ. నవ్వుతావేమే? బామ్మకి సెంట్ల గొడవ ఏం తెలుసనేగా? నువ్వు ఈ బల్లమీద పరిచిన సీసాలకి మూడింతలు చూశాను నేను, కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు. మా పెద్ద బావగారి గదిలో. మీ తాతయ్యకి అన్నయ్య. నువ్వు ఫొటోలో కూడా చూసుండవులే, ఫొటో అంటే పారిపోయేవారు. వీధిలో ఆయన్ని ముక్కు మాస్టారు అనేవాళ్ళు. మాస్టారేం కాదు, కాలేజీలో ల్యాబు చూసుకునేవారు. గాజు సామాను కడగడం, సర్దడం ఆయన పని. మూతి విరిగిన పిపెట్టుల్ని వాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకుని, ఆ విరిగిన అంచుని ఆకురాయితో ఓపిగ్గా అరగదీసి నున్నగా చేసుకునేవారు. అలా ముప్పై పోగుచేశారు. ఇంటికొచ్చాక అదే లోకం, సెంట్లు కలుపుకోవడం. అమ్మడానికి కాదు, ఊరికే, ఇష్టంకొద్దీ.

ఆయన ఆ పిపెట్టులు కడుగుతుంటే చూడాలి. నేను గుమ్మంలో బియ్యం ఏరే వంకతో కూచుని చూస్తూ ఉండిపోయేదాన్ని. వాడిన గొట్టం వాడినట్టే స్పిరిట్టులోకి. తర్వాత ఇంకో గ్లాసులో శుభ్రమైన స్పిరిట్టు. అప్పుడు గోరువెచ్చటి సబ్బునీళ్ళు, అప్పుడు మంచినీళ్ళు, అప్పుడు బ్యాటరీలో పోసే నీళ్ళు లేవూ, అవి. ఆఖర్న మళ్ళీ స్పిరిట్టు. పైన నొక్కే రబ్బరు తిత్తి మాత్రం స్పిరిట్టులో పడకూడదు, ఉబ్బిపోతుంది, అది వేరేగా. ఇంతా అయ్యాక చిల్లులు పెట్టిన చెక్కలో తలకిందులుగా నిలబెట్టేవారు. మీ తాతయ్య ఏడిపించేవారు, "అన్నయ్యా, స్నానాలయ్యాయిగా, పాలు పట్టి పడుకోబెట్టు" అని. పొద్దున్నే ఒక్కోదాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. ముప్పైనీ! ఇరవైతొమ్మిది పక్కనపెట్టి, "ఇందులో లవంగం ఉందింకా" అని ఒకదాన్ని మళ్ళీ మొదట్నుంచీ కడిగేవారు. నేను వాసన చూస్తే ఏమీ లేదు, వట్టి గాలి. ఒకసారి నేను వీధి చివర టైలరమ్మ ఇంటికెళ్ళొస్తే, గదిలోంచే, "వాళ్ళింట్లో సున్నం వేస్తున్నారా అమ్మాయ్?" అన్నారు. నిజంగానే వేస్తున్నారే! మనిషా, ఇంకేమన్నానా అనుకున్నాను.

ఏం చెప్తున్నాను? ఆ, అక్క. బావగారి భార్య. మా తోడికోడలే గానీ నాకు అక్కకంటే ఎక్కువ, నా జడ వేసింది, నా తిక్క భరించింది. ఆవిడకి కడుపులో ఏదో జబ్బు పట్టుకుంది. డాక్టర్లు ఏవేవో పేర్లు చెప్పారు, అవన్నీ ఎందుకులే. అసలు బాధేమిటంటే ఏ వాసనా పడేది కాదు. అన్నం ఉడికే వాసనొస్తే వాంతి. సబ్బు వాసనొస్తే వాంతి. ముద్ద నోటిదాకా వచ్చేది, వెనక్కి పోయేది. గాజులు మోచేతి దాకా జారిపోయేవి. డాక్టరు బావగారితో గుమ్మం బయట అన్నాడు, "మందులు సరేనండీ, ఆవిడ తినకపోతే నేనేం చెయ్యలేను" అని. ఆ రోజునుంచీ బావగారు ఆ గదిలోంచి బయటికి రాలేదు. ఆవిడ ముక్కుకి అడ్డంగా నిలబడే వాసన ఒకటి చెయ్యాలి, దాని చాటున నాలుగు ముద్దలు దిగాలి, అదీ ఆయన ఆలోచన. ఒక్కో సీసా చెయ్యడం, దూదిమీద చుక్క వేసి పట్టుకెళ్ళడం. "తీసెయ్యండి, తీసెయ్యండి" అనేది పాపం, మొహం గోడకి తిప్పుకుని. అలా ఎనిమిది సీసాలు.

ఇక్కడ నా ఘనకార్యం ఉంది చూడు. ఒకరోజు అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. గదిలో పిపెట్టులన్నీ ముందురోజు వాడినవి వాడినట్టే పడున్నాయి, మొట్టమొదటిసారి. పాపం కడగలేకపోయారే, నేను కడిగిపెడదాం అనుకున్నాను. పెద్ద మనసే! కానీ ఆ పూట మీ తాతయ్యతో గొడవపడి ఉన్నాను, ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు, చేతులు ఇక్కడ, బుర్ర అక్కడ. స్పిరిట్టు లేదు, గిస్పిరిట్టు లేదు, అన్నిట్నీ బకెట్టు నీళ్ళలో ముంచి, గిన్నెల సబ్బుతో గిలకొట్టి, చెక్కలో గుచ్చేశాను. ఒకదాంట్లో పాలచారలా తెల్లగా కనపడింది. నీళ్ళ మరకలే అనుకున్నాను. బావగారు ఆసుపత్రి వరండాల్లో తిరిగి తిరిగి జలుబు తెచ్చుకున్నారు. ఆ ముక్కు, ఆ మహా ముక్కు, దిబ్బడ వేసుకుపోయింది. చెక్కలో ఉన్నాయి కదా, తనే కడిగాననుకున్నారు. పొద్దున పరీక్ష లేదు. అక్కని ఇంటికి తెచ్చాక, పుస్తకంలో రాసుకున్న ప్రకారం చుక్కలు లెక్కపెట్టి తొమ్మిదో సీసా చేశారు. అక్క దూది వాసన చూసింది. "తీసెయ్యండి" అంటుందని నేను ఎదురుచూస్తున్నాను. అనలేదు. దూది పిడికిట్లో పట్టుకుని, "కాస్త అన్నం పెడతావా?" అంది. పరిగెత్తాను. నాలుగు ముద్దలు తింది తల్లీ. నిలిచాయి.

పది రోజుల్లో సీసా అయిపోయింది. బావగారు అచ్చం అదే లెక్కతో ఇంకోటి చేశారు. అక్క మొహం గోడకి తిప్పుకుంది. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. మూడురోజులు మెతుకు ముట్టలేదావిడ. ఈలోగా జలుబు తగ్గింది. ఖాళీ సీసా ముక్కుకి పెట్టుకుని ఎంతసేపు కూచున్నారో! లేచొచ్చి, "ఇందులో నేను వెయ్యనిది ఏదో ఉంది" అన్నారు. ఎవరూ ఏమీ అడక్కుండానే ఏడుపు మొదలెట్టి మొత్తం చెప్పేశాను, బకెట్టూ, సబ్బూ, తెల్లచారా. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళు ఇంతలేసి చేసుకుని, "తెల్లచారా? ఒక్కదాంట్లోనేనా?" అన్నారు. "సాంబ్రాణి అమ్మాయ్! స్పిరిట్టులో కరిగిన సాంబ్రాణికి ముందే నీళ్ళు తగిలితే అలా తెల్లగా విరిగి గాజుకి పట్టేస్తుంది." ఆ గొట్టాన్ని ఆయనే తర్వాత శుభ్రంగా కడిగేసుకున్నారు, అదీ తమాషా. పరిగెత్తి ఒక చుక్క సాంబ్రాణి వేసి చేశారు. ఘాటు, వాంతి. పల్చన చేసి వేశారు. అక్క, "దగ్గరికొచ్చిందండీ, కానీ అది కాదు" అంది.

అప్పుడొచ్చారు నా దగ్గరికి. అంతటి మనిషి, చేతిలో సాంబ్రాణి ఎండిన పిపెట్టు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, ఆ రోజు ఎలా కడిగావో అలాగే కడిగిపెట్టు" అన్నారు. ఎలా కడగనూ? భయంతో ఒళ్ళు దగ్గరపెట్టుకుని కడుగుతుంటే, వద్దన్నా శుభ్రంగా వచ్చేస్తోంది. "అబ్బే, ఇంత శ్రద్ధ అయితే పనికిరాదమ్మా. ఆ రోజు నీ మనసు ఎక్కడుంది?" నాకు మొహం చెల్లలేదు, అయినా చెప్పాను, మీ తమ్ముడిగారి మీద కోపంగా ఉందని. ఆయన ఏం చేశారనుకున్నావ్? లోపలికెళ్ళి తమ్ముణ్ణి పిలుచుకొచ్చి, "ఒరేయ్, మీ ఆవిణ్ణి ఏదో ఒకటి అను" అన్నారు! మీ తాతయ్య, "నీ కూర ఎప్పుడూ ఉప్పగానే ఉంటుంది" అన్నారు. అంతే, ఒళ్ళు మండి బకెట్టులో నాలుగు ఆడింపులు ఆడించి బావగారి చేతిలో పెట్టాను. వెలుతురికి పెట్టి చూశారు. తెల్లచార. ఆ సాయంత్రం అక్క దూది వాసన చూసి, "ఇదే" అంది. బావగారు నావైపు తిరిగి చేతులు జోడించారు. నాకు! నేను చచ్చినంత పనై వంటింట్లోకి పారిపోయాను.

పుస్తకంలో రాసుకున్నారు కూడా. నిమ్మతొక్క నూనె ఇన్ని చుక్కలు, ఇంకోటి ఇన్ని చుక్కలు, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో, "మా అమ్మాయి కడిగిన పిపెట్టు, ఒకటి." దానికి ఎర్రదారం కట్టి విడిగా పెట్టారు. పది రోజులకోసారి దాన్ని నేను తప్పుగా కడగాలి. మూడేళ్ళు కడిగాను. మూడేళ్ళు తింది అక్క. డాక్టరు మూడు నెలలన్నాడు, తెలుసా?

ఆవిడ పోయాక, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఆయన ఆ గది తలుపు తీశారు. ఎర్రదారం ఆయనే విప్పారు. స్పిరిట్టు, మళ్ళీ స్పిరిట్టు, సబ్బునీళ్ళు, మంచినీళ్ళు, అన్నీ వరసగా, ఒక్క మెట్టు తప్పకుండా. కడిగి మిగతా వాటి మధ్య నిలబెట్టారు. మర్నాడు పొద్దున నేను కాఫీ తీసుకెళ్ళేసరికి చెక్క ముందు నిలబడున్నారు. ఒక్కోటీ తీసి ముక్కు దగ్గర పెట్టుకోవడం, పెట్టెయ్యడం, మళ్ళీ తియ్యడం. ముప్పై, మళ్ళీ మొదట్నుంచి ముప్పై. "ఏం బావగారూ?" అన్నాను. నావైపు చూడకుండానే, "వీటిల్లో అది ఏదో తెలియట్లేదమ్మాయ్" అన్నారు. వీధి చివరి సున్నాన్ని పసిగట్టిన మనిషి. "నువ్వొకసారి చూడు" అని నా చేతికిచ్చారు. చూశాను. నాకేం తెలుస్తుందే...

ఆ రబ్బరు తిత్తి స్పిరిట్టులో పడింది, తియ్యి.