జ్వరం వచ్చిన రోజు గెలుపు

ఫుట్‌బాల్ కోచ్‌ను వచ్చే ఏడు కూడా ఉంచాలో వద్దో బాపట్లలోని ఒక కాలేజీ కమిటీ రేపు తేలుస్తుందట. కోచ్ చెబుతుంటే, దస్తూరి బాగున్న పాపానికి ఆయన భార్య కమిటీకి నివేదిక రాస్తోంది.

“ఏడు మ్యాచ్‌లు గెలిచాం. అంతా నా కోచింగ్ మహిమే అని రాయి.”

“మరి ఓడిన ఆ మూడు?”

“కుర్రాళ్ళు నా మాట వినలేదు. అవి రాయకు.”

“తెనాలి వాళ్ళ మీద నాలుగు గోల్స్ కొట్టిన రోజు మీరు జ్వరంతో మంచమ్మీదున్నారు కదండీ?”

“నేను లేకపోయినా గెలిచారంటే ఎంత బాగా నేర్పానో చూడు! అదీ రాయి.”

ఆమె బుద్ధిగా రాసి, పైకి చదివింది. “‘కోచ్ లేకపోయినా మన జట్టు గెలవగలదు.’ చాలాండీ?”

ఆయన ముందుకు వంగి ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

“ఈ మాట కొట్టెయ్. ఓడిన మూడూ రాయి.”

“అవెందుకండీ ఇప్పుడు?”

“ఇంకా నేర్పాల్సింది చాలా ఉందని వాళ్ళకు తెలియొద్దూ?”