దేశం మెడకు అడ్డంగా కుట్టుమిషను

అయ్యో, ఆ మిషను మీద చెయ్యి వెయ్యకండి మంత్రిగారూ! అందరి కళ్లూ దాని మీదే. దేశం మునిగిపోతోందంటే దీనివల్లేనట. బాగుంది వరస!

నేనేమన్నా కోరి ఇక్కడ కాపురం పెట్టానా? మీ పెద్దలు గీసిన దేశం అలా ఏడిసింది. పైనంతా కుండలా బొర్ర, కిందికొచ్చేసరికి సన్నటి మెడ. ఆ మెడ సరిగ్గా మా హాలు! వీధి గుమ్మంలో రాజధాని రోడ్డు, పెరటి గుమ్మంలో సముద్రం. మధ్యలో నేను, జాకెట్లు కుట్టుకుంటూ.

ఓడ దిగిన ప్రతి బస్తా నా చాప తొక్కుకుంటూ పోవాల్సిందే. "కాస్త జరగండమ్మా" అంటూ కూలీలు, వాళ్ల వెనకే రాయబారులు. చెప్పులు విప్పమంటే ఒక్కొక్కరికీ ఎంత నామోషీ!

అదిగో, ఆ వంటిల్లు చూశారూ? అది పొరుగు దేశం. గడప దాటితే వాళ్ల జెండా. వాళ్ల సిపాయి మంచివాడు, చూసీచూడనట్టు పోనిచ్చేవాడు.

మరి గొడవేంటంటారా? వెలుతురు కోసం మిషను కిటికీ దగ్గరికి జరిపాను. అంతే! మిగిలిన సందులో నూనె పీపాలు పట్టలేదు. రాజధానిలో దీపాలు ఆరాయట, మీ కుర్చీలు ఊగాయట. మా ఆయన నా మీద ఇంతెత్తున లేచాడు. "దేశం ముఖ్యమా, నీ మిషను ముఖ్యమా?"

"మిషనే" అన్నాను. కోపంలో నోరు జారదా ఏంటి?

విసవిసా వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాడు. వాళ్లు ఊరుకుంటారా? పౌరసత్వం ఇచ్చి, సరిహద్దు సలహాదారుణ్ని చేసేశారు! ఇప్పుడు నేను టీ పెట్టుకోవాలంటే వీసా కావాలి. సంతకం ఆయనదే. అడుగుతానా? చచ్చినా అడగను.

అందుకే అన్ని తలుపులకూ గడియ పెట్టేశాను. దేశద్రోహమా? మీకేం, ఎన్నైనా అంటారు.

సరే, బయట అనకండి. గడియ పెట్టింది మీ వర్తకం మీద కోపంతో కాదు. ఆయన తలుపు తడతాడని. రాజధాని తట్టింది, ఓడలవాళ్లు తట్టారు. నిన్న వంటింటి తలుపు చప్పుడైతే జుట్టు సవరించుకుని పరిగెత్తాను. తీరా చూస్తే వాళ్ల సేనాధిపతి!

పోనివ్వండి. మీ పీపాలు తెచ్చుకోండి. మిషను తీసేద్దాం. ఆ కొస కాస్త పట్టుకోండి మంత్రిగారూ, ఒక్కదాన్నే జరపలేను. ఎప్పుడూ అటు ఆయన పట్టేవాడు.